ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఫాంటు: విశాఖలో డిజైనర్లు, డీటీపీ వాళ్లు, దుకాణదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీచ్‌రోడ్డు కేఫ్ బోర్డు నుంచి గాజువాక ఫంక్షన్ హాలు శుభలేఖ దాకా ఇంగ్లీషు పేరుకు ఈ ఫాంటే కావాలని అడుగుతున్నారు. వాడాక ఎదురయ్యే ఇబ్బందులు కూడా అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఫోన్ నంబరు ఎగుడుదిగుడుగా ఉంటుంది, తెర మీద కనిపించిన సన్నగీత అచ్చులో మాయమవుతుంది, పక్కన పెట్టిన తెలుగు మోటుగా తేలుతుంది. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఎంచుకునే ముందు

సెరిఫ్ అంటే ఏమిటి? ఈ ఫాంటు చూడగానే ఖరీదైనదిగా ఎందుకు అనిపిస్తుంది?

ఇంగ్లీషు అక్షరంలో గీత ముగిసే చోట అడ్డంగా ఉండే చిన్న పాదాన్ని సెరిఫ్ అంటారు. ప్లేఫెయిర్ అందం ఆ పాదంలో కంటే లావుగీతకు, సన్నగీతకు మధ్య ఉన్న తేడాలోనే ఎక్కువగా ఉంది. 'వైజాగ్' అని ఇంగ్లీషులో పెద్ద సైజులో కొట్టి చూడండి. మొదటి అక్షరం 'వి'లో ఎడమ గీత లావుగా దిగుతుంది, కుడి గీత వెంట్రుకలా లేస్తుంది. 'జెడ్'లో పైనా కిందా గీతలు సన్నం, మధ్యలో ఏటవాలు గీత లావు. చివరి 'జీ' రెండు గదులుగా ఉండి, పైగదికి చిన్న చెవి ఉంటుంది. నునుపైన కాగితమూ చేయి తిరిగిన పనివాడూ ఉంటే తప్ప ఆ సన్నగీత ఒకప్పుడు అచ్చులో నిలిచేది కాదు. మనకు కనిపించే 'ఖరీదు' అక్కడి నుంచి వచ్చిందే. ఈ ఫాంటుతో ఏ నిర్ణయం తీసుకున్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇక్కడ సన్నగీత బతుకుతుందా?

ఇది ఎవరు చేశారు? పాత ఫాంటా, కొత్తదా?

ఫాంటు కొత్తది, పోలిక పాతది. డెన్మార్క్‌కు చెందిన క్లాస్ ఎగర్స్ సోరెన్సెన్ రూపొందించగా 2011లో గూగుల్ ఫాంట్స్‌లో వచ్చింది. దీని మూలాలు 18వ శతాబ్దపు ఐరోపాలో ఉన్నాయి. వెడల్పు పాళీ పోయి మొనదేలిన పాళీ వస్తున్న ఆ రోజుల్లో రాతలో లావు సన్నాల తేడా పెరిగింది. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యాలను తన అక్షరాలతో అచ్చు వేసినప్పుడు, ఆ సన్నదనం నిలబడటానికి సిరా, కాగితం, ముద్రణ పద్ధతి కూడా మెరుగుపరచుకోవలసి వచ్చింది. ప్లేఫెయిర్ ఆ వంశానిదే. సన్నని అక్షరం మంచి కాగితాన్ని కోరుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

డబ్బు కట్టాలా? లోగోకు వాడితే రేపు ఎవరైనా అడుగుతారా?

కట్టనక్కర్లేదు. ఇది ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. లోగో, బోర్డు, పుస్తకం, వ్యాపార ప్రకటన, వెబ్‌సైటు, అన్నిటికీ ఉచితంగా వాడవచ్చు, పీడీఎఫ్‌లో పొదిగి పంపవచ్చు. ఫాంటు ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. గూగుల్ ఫాంట్స్ నుంచే దించుకోండి. 'ఉచిత ఫాంట్లు' అని ఊరించే సైట్లలో సొంత వాడకానికి మాత్రమే అనుమతి ఉన్న ఫాంట్లు చాలా కలిసిపోయి ఉంటాయి. లోగో రిజిస్టర్ చేసుకునే రోజు ఆ తేడా బయటపడితే అప్పటికే బోర్డులన్నీ వేసేసి ఉంటారు.

ఏ పనికి బాగుంటుంది? ఏ పనికి వద్దు?

పేరు చిన్నగా, సైజు పెద్దగా ఉండే పనులకు బాగుంటుంది: చీరల షాపు, నగల దుకాణం, బొటిక్, బేకరీ, హోటల్ మెనూలో శీర్షికలు, శుభలేఖలో వధూవరుల పేర్లు, పత్రిక ముఖచిత్రం, పుస్తకం అట్ట. దారి చూపే బోర్డు, మందుల పట్టీ, నిబంధనల పేజీ, ఆటో వెనక స్టిక్కర్, ధరల పట్టిక లాంటివాటికి పెట్టకండి. ఆస్పత్రి బోర్డుకు కూడా మేము వద్దనే చెబుతాం. కంగారులో వచ్చే మనిషి దూరం నుంచి చదవాల్సిన అక్షరం నాజూకుగా ఉండకూడదు.

పుస్తకం లోపలి ఇంగ్లీషు మేటరంతా దీనిలోనే పెట్టవచ్చా?

వద్దు. పేరులోనే 'డిస్‌ప్లే' ఉంది, అంటే పెద్ద సైజు కోసం గీసినది. 10, 11 పాయింట్లలో సన్నగీతలు మసకబారి లావుగీతలు మాత్రమే మిగులుతాయి. పేజీ అంతా కంచె నిలువు కర్రల్లా కనిపించి కళ్లు అలసిపోతాయి. 18 పాయింట్లకు పైన దీన్ని వాడి, మేటరుకు ఈబీ గారమాండ్, లిబ్రె బాస్కర్‌విల్ లేదా జార్జియా పెట్టండి. జార్జియా దీనికి బాగా అతుకుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ చిన్న అక్షరాల ఒళ్లు, అంటే కొమ్ములూ తోకలూ లేని మధ్యభాగం, పెద్దది.

'డిస్‌ప్లే' అని లేకుండా ఉత్త 'ప్లేఫెయిర్' అని ఇంకోటి కనిపిస్తోంది. అదేమిటి?

అది తర్వాత వచ్చిన విస్తరణ. దానిలో ఆప్టికల్ సైజు అనే సదుపాయం ఉంది. 5 పాయింట్ల నుంచి 1200 పాయింట్ల దాకా సైజును బట్టి సన్నగీత మందం మారుతుంది. చిన్న సైజులో గీత కొంచెం బలపడుతుంది, పెద్ద సైజులో మరింత సన్నబడుతుంది. చిన్న సైజు అక్షరాలూ ఇదే కుటుంబంలో కావాలంటే దాన్ని తీసుకోండి. అది వేరియబుల్ ఫాంటు, అంటే ఒకే ఫైలులో అన్ని మందాలూ ఉండేది, కాబట్టి మీ ప్రెస్సులో ఉన్న సాఫ్ట్‌వేర్ తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. పాత వెర్షన్లు వేరియబుల్ ఫైలును ఒకే మందంలో చూపిస్తాయి, లేదా అసలు తెరవవు.

బోడోని, గారమాండ్ కూడా ఇలాగే ఉన్నాయి కదా. తేడా ఏమిటి?

గారమాండ్ 16వ శతాబ్దపు పారిస్ అక్షరం. లావు సన్నాల తేడా తక్కువ, చేతిరాత వాసన ఎక్కువ, చదువుకు హాయి. బోడోని 18వ శతాబ్దం చివర పార్మాలో పుట్టింది. సన్నగీత మరీ సన్నం, పాదం తిన్నటి గీత, ఫ్యాషన్ పత్రికల మెరుపు. ప్లేఫెయిర్ ఈ రెంటి మధ్యది. బోడోని అంత కఠినంగా ఉండదు, గారమాండ్ అంత నెమ్మదిగానూ ఉండదు. మన వీధి బోర్డులకు, మన ప్రెస్సులకు ఈ మధ్య రకమే బోడోని కంటే సురక్షితం.

## తెలుగుతో జత కట్టేటప్పుడు

ప్లేఫెయిర్ ఎంచుకుని తెలుగు టైపు చేస్తే వేరే అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

ప్లేఫెయిర్‌లో తెలుగు లేదు. మీరు కొట్టిన తెలుగును కంప్యూటర్ తన దగ్గరున్న వేరే ఫాంటుతో నింపుతోంది. విండోస్‌లో అయితే అది సాధారణంగా గౌతమి లేదా నిర్మల యూఐ. ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అక్కడ మరో ఫాంటు వస్తుంది, లైన్లు జరిగిపోతాయి. అందుకే తెలుగు భాగాన్ని విడిగా సెలెక్ట్ చేసి దాని ఫాంటు మీరే నిర్ణయించండి.

అసలు తెలుగు అక్షరాలకు సెరిఫ్ ఉంటుందా?

ఇంగ్లీషులో ఉన్న అర్థంలో లేదు. మన అక్షరం గుండ్రన. నిలువు గీత చివర పాదం పెట్టడానికి ఆ నిలువు గీతే లేదు. తలకట్టు సెరిఫ్ కాదు, అది అక్షరంలో భాగం. పొల్లు వచ్చినా గుడి వచ్చినా తలకట్టు రూపమే మారిపోతుంది. తెలుగు ఫాంటు పేరులో 'సెరిఫ్' అని ఉంటే దాని అర్థం గీత మందం అక్షరం పొడవునా మారుతుందని, కొసలు పాళీతో రాసినట్టు ఉంటాయని. కొందరు డిజైనర్లు తెలుగు అక్షరాల కొసలకు ఇంగ్లీషు పాదాలు అతికిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 'ప' కింద పాదం పెడితే దూరం నుంచి అది మరో అక్షరంలా, ఒత్తు తగిలించినట్టు కనిపిస్తుంది.

మరి ప్లేఫెయిర్ పక్కన ఏ తెలుగు ఫాంటు నప్పుతుంది?

చూడవలసింది సన్నగీతనే. తెలుగులోనూ లావు సన్నాల తేడా కనిపించే ఫాంటు కావాలి. పుస్తకపు అట్టకు, శుభలేఖకు మా మొదటి ఎంపిక టైరో తెలుగు. జాన్ హడ్సన్, ఫియోనా రాస్ చేసిన ఈ ఫాంటులో పాత సీసపు అచ్చు పుస్తకాల నిండుదనం ఉంది. దానిలో మందం ఒక్కటే, బోల్డ్ లేదు. మందాలు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి. 100 నుంచి 900 వరకు తొమ్మిది మందాలున్నాయి, ప్లేఫెయిర్ బోల్డ్ పక్కన 600 గానీ 700 గానీ పెట్టి చూసి సరిపోల్చవచ్చు. రామభద్ర ఫాంటు పోస్టరుకు గొప్పగా ఉంటుంది, ప్లేఫెయిర్ పక్కన మాత్రం దాన్ని నొక్కేస్తుంది. మండలి ఫాంటులో గీత అంతటా దాదాపు ఒకే మందం కాబట్టి శీర్షికలో జత కుదరదు. ప్లేఫెయిర్ శీర్షిక కింద వివరాలకు మండలి చక్కగా పనిచేస్తుంది.

రెండూ 24 పాయింట్లే పెట్టాను, అయినా ఒకటి చిన్నగా ఒకటి పెద్దగా ఉంది. ఎందుకు?

పాయింటు సైజు అక్షరం ఎత్తు కాదు, అక్షరం కూర్చునే పెట్టె ఎత్తు. ప్లేఫెయిర్ చిన్న అక్షరాల ఒళ్లు ఆ పెట్టెలో సుమారు సగం, పెద్ద అక్షరాలు సుమారు 70 శాతం ఉంటాయి. తెలుగు ఫాంటు పైన గుడికి, కింద ఒత్తుకు చోటు ఉంచుకోవాలి కాబట్టి దాని ఒళ్లు ఎంత అనేది ఫాంటును బట్టి మారుతుంది. కంటితో సరిచూసే పద్ధతి ఇది. ఇంగ్లీషు పెద్ద 'హెచ్', చిన్న 'ఎక్స్', తెలుగు 'న' మూడూ పక్కపక్కన కొట్టండి. 'ఎక్స్' పైఅంచు మీదా 'హెచ్' పైఅంచు మీదా రెండు గైడు గీతలు లాగండి. తలకట్టు మినహా 'న' ఒళ్లు 'ఎక్స్' గీతను కొంచెం దాటి, తలకట్టు కొస 'హెచ్' గీత దగ్గరికి చేరేదాకా తెలుగు సైజు మార్చండి. ఆ నిష్పత్తి రాసిపెట్టుకుంటే ఆ జతకు అన్ని సైజుల్లోనూ అదే పనికొస్తుంది.

తెలుగు శీర్షిక రెండు లైన్లయితే పైలైను ఒత్తులు కిందిలైను గుడులకు తగులుతున్నాయి. ఏం చేయాలి?

ప్లేఫెయిర్‌లో పెద్ద అక్షరాలు పొట్టి, కిందికి దిగే తోకలూ పొట్టి. అందువల్ల ఇంగ్లీషు లైన్లను బాగా దగ్గరగా, సైజుకు 1 నుంచి 1.1 రెట్ల ఎడంలో పెట్టినా నిలబడతాయి. అదే కొలత తెలుగుకు పెట్టడం వల్లే గొడవ. పైలైనులో 'విశాఖపట్నం', సరిగ్గా కిందే 'శ్రీ' వచ్చిందనుకోండి. 'ట్న'లోని న ఒత్తు దిగి వచ్చి 'శ్రీ' గుడి మీద కూర్చుంటుంది. తెలుగు శీర్షికకు 1.4 నుంచి 1.5 రెట్లు, మేటరుకు 1.5 నుంచి 1.7 రెట్లు ఇవ్వండి. అంత చోటు లేకపోతే మాటలను అటూఇటూ విరిచి ఒత్తున్న అక్షరం కింద గుడి లేని అక్షరం వచ్చేలా చూడండి. రెండు నిమిషాల పని, ఫలితం బాగా కనిపిస్తుంది.

తెలుగును సెలెక్ట్ చేసి 'బోల్డ్', 'ఇటాలిక్' నొక్కితే తప్పేమిటి?

ఆ ఫాంటుకు నిజమైన బోల్డ్ ఫైలు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరం చుట్టూ సిరా పూస్తుంది. 'ఘ', 'ఋ', 'ఞ' లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, సన్నగీతలు లావుగీతలంత అయిపోతాయి. ఇటాలిక్ లేకపోతే అక్షరాన్ని పక్కకు వంచుతుంది, గుండ్రటి తెలుగు కుంటుతున్నట్టు ఉంటుంది. బోల్డ్ కావాలంటే బోల్డ్ ఫైలున్న ఫాంటు వాడండి. టైరో తెలుగుకు ఇటాలిక్ ఫైలు విడిగా ఉంది.

'బీచ్‌రోడ్డు' అని కొడితే 'బీచ్రోడ్డు' అయిపోతోంది. సరిచేయడం ఎలా?

పొల్లు తర్వాత హల్లు వస్తే యూనికోడ్ (కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాల పద్ధతి) దాన్ని ఒత్తుగా మారుస్తుంది. అది ఫాంటు తప్పు కాదు. 'చ్' తర్వాత, 'రో' ముందు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టాలి. చాలా తెలుగు కీబోర్డుల్లో దీనికి మీట ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే 'ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్' నుంచి 'నాన్ జాయినర్' ఎంచుకోండి. దుకాణం పేరులో ఇంగ్లీషు మాటలుంటే ఈ తప్పు బోర్డు ఎక్కేదాకా ఎవరూ చూడరు, కాబట్టి ప్రూఫులోనే వెతకండి.

## ఫైలు తయారు చేసేటప్పుడు

ఫోన్ నంబరు ఎగుడుదిగుడుగా వస్తోంది. ఫాంటు పాడైందా?

పాడవలేదు. ప్లేఫెయిర్‌లో మామూలుగా వచ్చేవి పాతకాలపు అంకెలు. 0, 1, 2 పొట్టిగా ఉంటాయి. 3, 4, 5, 7, 9 కిందికి దిగుతాయి. 6, 8 పైకి లేస్తాయి. మన ఎస్‌టీడీ కోడ్ 0891 కొట్టి చూడండి: సున్నా చిన్న 'ఓ' అక్షరంలా కూర్చుంటుంది, ఎనిమిది లేస్తుంది, తొమ్మిది దిగుతుంది, ఒకటి మళ్లీ పొట్టి. విశాఖ పిన్‌కోడ్ మొదలయ్యే 530 కూడా అంతే, రెండు అంకెలు కిందికి జారి సున్నా పైన మిగులుతుంది. వాక్యం మధ్యలో ఈ అంకెలు అందంగా ఒదుగుతాయి, ఫోన్ నంబరులో, ముహూర్తం సమయంలో, ధరలో మాత్రం చికాకు.

ఒకే ఎత్తు అంకెలు ఇదే ఫాంటులో ఉన్నాయి, వాటిని పిలవాలి. ఇన్‌డిజైన్‌లో క్యారెక్టర్ ప్యానెల్ మెనూలోని ఓపెన్‌టైప్ కింద, ఇలస్ట్రేటర్‌లో ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో 'ప్రపోర్షనల్ లైనింగ్' ఎంచుకోండి. వర్డ్‌లో ఫాంట్ డైలాగ్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో నంబర్ ఫామ్స్ దగ్గర 'లైనింగ్' పెట్టండి. ఆ మార్గం లేని ఆన్‌లైన్ టూల్ అయితే అంకెలకు వేరే ఫాంటు పెట్టండి, జార్జియా మాత్రం కాదు, దానివీ పాతకాలపు అంకెలే.

మా డీటీపీలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్నాయి. వాటితో ఈ పని అవుతుందా?

ఇంగ్లీషు ప్లేఫెయిర్‌లో, తెలుగు అను ఫాంటులో పెట్టుకుంటే అవుతుంది. టైరో, నోటో లాంటి యూనికోడ్ తెలుగు కావాలంటే పేజ్‌మేకర్‌లో కాదు. అను మేటరును కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, యూనికోడ్ తెలుగు తెలిసిన సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలి. మార్చాక 'క్ష', రకార ఒత్తు, కొటేషన్ గుర్తులు, అంకెలు, పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలు, ఈ ఐదూ ప్రత్యేకంగా చూడండి. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే. ప్లేఫెయిర్ దించుకున్న జిప్‌లో 'స్టాటిక్' అనే ఫోల్డరు ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌కు దానిలోని ఫైళ్లే ఇన్‌స్టాల్ చేయండి.

ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఎందుకు?

ఇంగ్లీషు కంపోజర్‌తో తెలుగును పేరుస్తోంది కాబట్టి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకుంటే ఒత్తులు చోటుకు చేరతాయి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ దగ్గర 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ చేయాలి. పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేస్తే ప్రతి పెట్టెకూ మార్చే పని ఉండదు.

అక్షరాల మధ్య ఎడం ఎంత పెట్టాలి?

ప్లేఫెయిర్ పెద్ద అక్షరాలన్నిటితో పేరు పెడితే ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం కొలత) 50 నుంచి 100 దాకా ఇవ్వండి, ఊపిరి వస్తుంది. చిన్న అక్షరాలకు సున్నా. తెలుగుకు ఎప్పుడూ సున్నా. ఎడం పెంచితే మాట ముక్కలైపోతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి జరుగుతుంది కూడా.

ప్రెస్సుకు కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మగా మార్చి, పంపాలా, పీడీఎఫ్ చాలా?

ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చాలు, అదే మంచిది కూడా. ప్రెస్సు వాళ్లు కోరెల్ ఫైలే అడిగితే కర్వ్స్ చేయక తప్పదు, లేకపోతే వాళ్ల దగ్గర ఫాంటు లేక తెలుగు మారిపోతుంది. కర్వ్స్ చేసే ముందు మార్చుకోగలిగే ఫైలు ఒకటి వేరే పేరుతో దాచుకోండి. చేశాక ఒత్తులున్న మాటలన్నీ ఒకసారి పెద్దది చేసి చూడండి. సన్నగీత నిలవదేమోనని మొత్తం అక్షరాలకు ఔట్‌లైన్ మందం తగిలించే అలవాటు ఒకటుంది. అలా చేస్తే మూలల్లో ముళ్లు లేస్తాయి, అక్షరం రూపు పోతుంది. బలం కావాలంటే రెగ్యులర్ బదులు మీడియం గానీ సెమీబోల్డ్ గానీ వాడండి.

రూపాయి గుర్తు వేరేలా కనిపిస్తోంది. ఏం చేయాలి?

రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి 2010లో వచ్చింది. ఫాంటు పాత కాపీ అయినా, సాఫ్ట్‌వేర్ పాతదైనా వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. మెనూ మొత్తం పేర్చాక కాకుండా మొదటి ధర కొట్టగానే చూసుకోండి. కుదరకపోతే 'రూ.' అని తెలుగులో రాయండి, అదే అందం.

## అచ్చుకు వెళ్లేటప్పుడు

ఎంత చిన్న సైజు దాకా అచ్చులో నిలుస్తుంది?

సైజు కంటే సన్నగీత మందం లెక్క వేయాలి. మీ పేరును పెద్ద అక్షరం 100 మి.మీ. ఎత్తు వచ్చేలా పెంచి, అన్నిటికంటే సన్నగా ఉన్న చోట కొలవండి. అది 3 మి.మీ. వచ్చిందనుకోండి. అంటే ఎత్తులో 3 శాతం. అదే పేరు 10 మి.మీ. ఎత్తులో 0.3 మి.మీ., 5 మి.మీ. ఎత్తులో 0.15 మి.మీ. అవుతుంది.

ఆఫ్‌సెట్‌లో తెల్ల కాగితం మీద నల్ల గీత సుమారు 0.1 మి.మీ. దాకా వస్తుంది. ముదురు రంగులో తెల్లగా వదిలే గీతకు 0.2 మి.మీ. ఉండాలి, లేకపోతే సిరా రెండు వైపుల నుంచి కమ్మేస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌కు, ఫాయిలింగ్‌కు 0.3 మి.మీ. కంటే తగ్గకండి. ఆర్ట్ పేపరు మీద గీత పదునుగా ఉంటుంది, గరుకు కాగితం సిరా పీల్చి ఉబ్బిస్తుంది. చేతితో చేసిన కాగితం, గుడ్డ బ్యానరు అయితే నేత సందుల్లో సన్నగీత తెగిపోతుంది.

మెరూన్ కార్డు మీద బంగారు ఫాయిల్‌తో పేర్లు. ఎందుకు ముద్దగా వస్తున్నాయి?

వేడి డై నొక్కినప్పుడు ఫాయిల్ అంచు దాటి కొంచెం పాకుతుంది. ఇంగ్లీషు 'ఈ' కన్ను, 'ఏ' పొట్ట, తెలుగులో 'శ్రీ', 'క్ష్మి' లోపలి సందులు పూడుకుంటాయి. లోపలి ఖాళీ కనీసం 0.5 మి.మీ. ఉండేలా చూడండి. శుభలేఖలో పేర్లకు, అంటే 28 నుంచి 36 పాయింట్లకు, మాత్రమే ఫాయిల్ పెట్టి, 'చి.', 'చి.ల.సౌ.' లాంటి చిన్న అక్షరాలు మామూలు అచ్చులో వేయించండి. 250 నుంచి 300 జీఎస్ఎం నున్నటి బోర్డు మీద ఫాయిల్ బాగా పడుతుంది. చారలు, గరుకులు ఉన్న బోర్డు మీద పల్లాల్లో పట్టదు, అక్కడ అక్షరం చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. మొత్తం కార్డులు కొట్టే ముందు అదే బోర్డు ముక్క మీద ఒక దెబ్బ వేయించి చూడండి.

వానాకాలంలో అక్షరాల అంచున ఎర్ర నీడ, నీలి నీడ వస్తోంది. ఇది ఫాంటు వల్లా?

కాదు. అది రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోవడం. మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ. కట్ట విప్పి ఉంచిన కాగితం తేమ పీల్చి పోగుకు అడ్డంగా సాగుతుంది, మొదటి రంగుకు చివరి రంగుకు మధ్య కొలత మారుతుంది. లావు అక్షరంలో కనిపించదు. ప్లేఫెయిర్ సన్నగీతలో రంగులు పక్కపక్కకు జరిగి గీతే రెండైపోతుంది. కాగితాన్ని కట్టతోనే ఒక రోజు ప్రెస్సు గదిలో ఉంచి, అచ్చుకు ముందే విప్పమనండి. డిజైన్‌లో చిన్న అక్షరాలను నాలుగు రంగుల మిశ్రమంలో పెట్టకండి. నలుపైతే ఒక్క నలుపు ప్లేటు 100 శాతం, మెరూనే కావాలంటే స్పాట్ కలర్, అంటే విడిగా కలిపిన ఒకే సిరా.

రబ్బరు స్టాంపుకు, యూనిఫాం మీద కుట్టుకు వాడవచ్చా?

స్టాంపుకు బోల్డ్ వాడితే సరే. కుట్టుకు నేరుగా కుదరదు. సాటిన్ కుట్టు కనీసం 1 మి.మీ. వెడల్పు అడుగుతుంది, జేబు మీది చిన్న అక్షరంలో సన్నగీత అంత ఉండదు. లోగోకు సన్నగీతలు లావు చేసి గీసిన ఒక 'కుట్టు రూపం' విడిగా తయారు చేసి ఉంచుకోండి.

## బోర్డు పెట్టేటప్పుడు

రోడ్డు అవతల నుంచి కనపడాలంటే అక్షరం ఎంత ఎత్తు ఉండాలి?

బోర్డుల పనిలో వాడుకలో ఉన్న లెక్క పది అడుగులకు ఒక అంగుళం. 100 అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే 10 అంగుళాలు. ఆ లెక్క మామూలు లావు అక్షరానికి. ప్లేఫెయిర్ రెగ్యులర్‌కు పావు వంతు కలపండి, లేదా బోల్డ్‌కు మారండి. పక్కన తెలుగు పేరును ఇంగ్లీషు కంటే పెద్దగా, పైన పెట్టండి. ఒత్తులు ఎత్తును పంచుకుంటాయి కాబట్టి తెలుగుకు ఎక్కువ చోటు న్యాయంగానే దక్కాలి.

ఏక్రిలిక్, స్టీలు అక్షరాలు చేయిస్తే సన్నగీతలు విరుగుతున్నాయి, తుప్పు పడుతున్నాయి. ఎందుకు?

విరగడానికి కారణం కొలత. ఏక్రిలిక్ కోతలో గీత వెడల్పు రేకు మందం కంటే తగ్గకూడదు: 5 మి.మీ. రేకైతే సన్నగీత 5 మి.మీ. ఉండాలి. లేకపోతే బిగించేటప్పుడే 'ఎన్', 'హెచ్' సన్నభాగాలు తెగుతాయి. గోడకు పట్టే స్టడ్లు లావుగీతల వెనకే వేయించండి, ఒక్కో అక్షరానికి కనీసం మూడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరు మనది, గాలికి పట్టు లేని అక్షరం కింద నడిచేవాళ్లకు ప్రమాదం.

తుప్పుకు కారణం ఉప్పుగాలి. 304 గ్రేడు స్టీలు సముద్రానికి దగ్గరలో గోధుమరంగు చుక్కలు పడుతుంది. 316 గ్రేడులో మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పును బాగా తట్టుకుంటుంది. బీచ్‌రోడ్డు వైపు అయితే 316 అడగండి, స్టడ్లూ అదే గ్రేడు కావాలి. నెలకోసారి మంచినీళ్లతో తుడిపించండి. చుక్క మొదట పడేది అంచులకూ సన్నగీతలకే.

రాత్రి లైటు వేస్తే పేరు చదవరావడం లేదు. పగలు బాగానే ఉంది. ఏం మార్చాలి?

లోపలి నుంచి వెలిగే అక్షరంలో లావుగీత వెలుగుతో పొంగుతుంది, సన్నగీతలో ఎల్ఈడీ పట్టక చీకటిగా ఉండిపోతుంది. మాడ్యూల్ సౌకర్యంగా పట్టడానికి గీత సుమారు 25 మి.మీ. ఉండాలి. ప్లేఫెయిర్‌కు అంత మందం రావాలంటే అక్షరం చాలా పెద్దదవ్వాలి. దానికంటే అక్షరాన్ని వెలిగించకుండా, ముదురు రంగు లోహపు అక్షరం పెట్టి వెనక లేతరంగు గోడ మీద వెచ్చని కాంతి పడేలా చేయించండి. వెలుగు ముందు నీడగా నిలిచినప్పుడు సన్నగీత కూడా చక్కగా తెలుస్తుంది.

## ఫోనులో, వెబ్‌సైటులో

వాట్సాప్‌లో పంపిన శుభలేఖ మసకగా కనిపిస్తోంది. ఎలా పంపాలి?

ఫొటోగా పంపితే వాట్సాప్ కుదిస్తుంది. సన్నగీతల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు చేరతాయి. 'డాక్యుమెంట్'గా పీడీఎఫ్ గానీ పీఎన్‌జీ గానీ పంపండి. గ్రూపుల్లో అందరూ ఫొటోగానే ముందుకు తోస్తారు కాబట్టి డిజైనే దానికి తగ్గట్టు ఉండాలి: 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో ప్లేఫెయిర్ 60 పిక్సెళ్లకు తగ్గకుండా, బోల్డ్‌లో, లేత నేపథ్యం మీద. ఎర్రటి నేపథ్యం మీద బంగారు రంగు సన్న అక్షరం కుదింపులో అన్నిటికంటే ముందు చెడుతుంది.

వెబ్‌సైటులో ప్లేఫెయిర్ ముందు పెట్టాలా, తెలుగు ఫాంటు ముందు పెట్టాలా?

ఫాంట్ల వరుసలో ముందున్న ఫాంటు నుంచే అంకెలు, చుక్కలు, కామాలు, ఖాళీలు వస్తాయి. ప్లేఫెయిర్ ముందు పెడితే తెలుగు వాక్యం మధ్యలో దాని ఎగుడుదిగుడు అంకెలు దూరతాయి. శీర్షికలో ఎక్కువ భాగం తెలుగే అయితే తెలుగు ఫాంటు ముందు పెట్టండి. కానీ చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి, అప్పుడు ఇంగ్లీషు పేరూ వాటిలోనే వస్తుంది. దీనికి తెలుగు ఫాంటును యూనికోడ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా మాత్రమే వాడమని సీఎస్ఎస్‌లోని 'యూనికోడ్-రేంజ్'లో కట్టడి చేయండి, నాన్ జాయినర్ గుర్తును కూడా ఆ జాబితాలో చేర్చండి. అప్పుడు అంకెలు ప్లేఫెయిర్ నుంచే వస్తాయి కాబట్టి వాటికి 'లైనింగ్-నమ్స్' పెట్టండి. 24 పిక్సెళ్ల కంటే చిన్న అక్షరానికి ప్లేఫెయిర్ వద్దు. తక్కువ రిజల్యూషన్ తెర మీద సన్నగీత ఒక పిక్సెల్ కూడా ఉండక బూడిదరంగులోకి కరిగిపోతుంది.